మడతలమ్మ పెట్టిన కాపడం

అసహ్యించుకోవడం మడతలమ్మకి పుట్టుకతో వచ్చిన విద్య. ఎదుటివాడు టీ గ్లాసులో వేలు పెట్టి మీగడ తీశాడంటే ఆ పూటకి ఆమె టీ మానేస్తుంది. బస్సులో ఎవరైనా గట్టిగా తుమ్మితే రెండు స్టాపుల ముందే దిగి నడిచిపోతుంది. ముప్పై ఏళ్ళుగా లాండ్రీ నడుపుతోంది కాబట్టి మనుషుల మీద ఆమెకి పెద్ద భ్రమలేమీ లేవు. ఎవరి కాలర్ ఎంత జిడ్డో, ఎవరి జేబురుమాలు విప్పితే ఏం బయటపడుతుందో ఒకరితో చెప్పదుగానీ, ఆ పెద్దమనిషి ఎదురైతే మాత్రం ఒక అడుగు పక్కకి జరుగుతుంది. అసలు పేరేమిటో ఆమెకే గుర్తులేనట్టుంది. చొక్కా మడత పెట్టిందంటే స్కేలు పెట్టి గీసినట్టు నాలుగంచులూ కలవాల్సిందే, మూల మీద మూల కూర్చోవాల్సిందే. అందుకే అందరికీ మడతలమ్మ అయింది.

అలాంటి మనిషి కోడలికే వచ్చిపడింది ఆ రోగం.

కోడలు గులాబీ మొక్కలమ్మే నర్సరీలో పని చేసేది. కొమ్మలు కత్తిరించడం, వేళ్ళకి తడి నాచు చుట్టడం, మొక్కల్ని పెట్టెల్లో సర్దడం ఆమె పని. పెళ్ళయిన అయిదో నెలలో ఒకరోజు కుడి మణికట్టు మీద ముల్లు దిగింది. ముల్లు గుచ్చుకోవడం ఆ పనిలో వింతేమీ కాదు కాబట్టి పీకి పారేసి పని చేసుకుంది. మూడు వారాలకి అక్కడ శనగగింజంత బొడిపె లేచింది, ఇంకో వారానికి అది పగిలింది. తర్వాత దానికి పైన ఇంకోటి, ఆ పైన ఇంకోటి, మణికట్టు నుంచి మోచేతి వైపు వరసకట్టి లేచాయి. మధ్యలో తడిమితే చర్మం కింద తాడేదో బిగించినట్టు గట్టిగా తగిలేది. పగిలిన వాటి అంచులు ఊదారంగులో ఉండేవి, లోపల్నుంచి పల్చటి పసుపుపచ్చ చీము రోజంతా కారుతూనే ఉండేది. తుడిస్తే వచ్చేది, తుడవకపోయినా వచ్చేది.

మూడు ఆసుపత్రులు తిరిగాక చర్మం డాక్టరు ఒక ముక్క తీసి పరీక్షకి పంపి అసలు సంగతి చెప్పాడు. అది బూజట. మట్టిలోనూ నాచులోనూ బతికే బూజు ముల్లుతో పాటు లోపలికి దిగిందట.

మడతలమ్మకి బూజు సంగతి ఒకరు చెప్పాలా? తడిబట్టలు మూటకట్టి రెండు రోజులు మర్చిపోతే నల్లచుక్కలు పడతాయి. దాని వాసన గదిలో ఏ మూల ఉన్నా ఆమె పట్టేస్తుంది. ఆ బట్ట ఎంత ఖరీదైనదైనా మిగతావాటితో కలపదు. కర్రతో ఎత్తి, విడిగా వేరే తొట్లో పడేస్తుంది. ఇప్పుడు ఆ బూజు తన కొడుకు పక్కన పడుకుంటోంది, తన వంటింట్లో కూరలు తరుగుతోంది. 

ఆరు నెలలు మాత్రలు మింగాలన్నాడు డాక్టరు. పదకొండు రోజులు మింగిందో లేదో, కోడలికి వాంతులు మొదలయ్యాయి. మందు పడలేదేమోనని వెళ్తే, మందు కాదు, రెండో నెల అన్నారు. డాక్టరు అక్కడికక్కడే మాత్రలు ఆపించాడు. అవి కడుపులో బిడ్డకి మంచివి కావట. చుక్కల మందు ఇంకోటి ఉందిగానీ అదీ గర్భిణులకి పనికిరాదట. కాన్పయ్యేదాకా మందు ఊసెత్తకూడదన్నాడు.

"మరి అప్పటిదాకా ఈ చెయ్యి?" అని కొడుకు అడిగాడు.

"కాపడం పెట్టండి. ఈ బూజు వేడికి తట్టుకోలేదు. ఒంట్లో లోపలుండే వేడే దానికి పడదు, అందుకే చల్లగా ఉండే చర్మాన్ని పట్టుకుని వేలాడుతోంది. వేడి గుడ్డలు మార్చి మార్చి రోజుకి మూడుసార్లు, అరగంట చొప్పున వెయ్యాలి. బిడ్డకేమీ కాదు, పక్కవాళ్ళకీ అంటుకోదు. కానీ అశ్రద్ధ చేసి మోచేతి కీలులోకి దిగనిచ్చారంటే ఆ చెయ్యి ఇక మడవలేదు" అన్నాడు డాక్టరు.

పక్కవాళ్ళకి అంటుకోదన్న మాట మడతలమ్మ వింది. విన్నది వేరు, ఒళ్ళు ఒప్పుకోవడం వేరు. ఇంటికి రాగానే కోడలి కంచం, గ్లాసు, చెంచా విడిగా కిటికీలో పెట్టింది. తువ్వాలు వేరు చేసింది. "నీ మంచికేలే అమ్మాయ్, నీకు వేరే ఏమీ అంటకుండా" అని పైకి ఒక ముక్క కూడా అనేసింది. కోడలు పిచ్చిదేం కాదు. అయినా సరేనని తల ఊపింది.

నర్సరీ పని మానేశాక కోడలు లాండ్రీలో బట్టలకి చీటీలు కుట్టేది. ఒకరోజు బ్యాంకు మేనేజరు తెల్లచొక్కా మీద, సరిగ్గా జేబు కింద, రూపాయి బిళ్ళంత పసుపు మరక కనపడింది, మధ్యలో చిన్న నెత్తుటి చుక్కతో సహా. మడతలమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వెలుగులో చూసింది. చూసి, చొక్కా అక్కడే వదిలేసి పెరట్లోకి పరిగెత్తి భళ్ళున కక్కుకుంది. కోడలు మంచినీళ్ళు పట్టుకుని వెనకే వచ్చింది. ఆ గ్లాసు కోడలి చేతిలో ఉందని చూసి మడతలమ్మకి రెండోసారి వచ్చింది.

ఆ పూట నుంచి కోడలు దుకాణంలోకి రాలేదు. వెనక గదిలో కూర్చుని తన కాపడం తనే పెట్టుకునేది. ఒంటిచేత్తో వేడి గుడ్డ పిండడం ఎవరి తరం? సగం నీళ్ళు ఒళ్ళోకి కారేవి, గుడ్డ చేతి మీదికి వచ్చేసరికి చల్లారేది. మొగుడు సాయం చేస్తానని గొప్పగా వచ్చాడు. ఆరడుగుల మనిషి, బట్టల మూటలు రెండు భుజాల మీదా వేసుకుని మూడంతస్తులు ఎక్కేవాడు, కట్టు విప్పగానే కళ్ళు తేలేసి గోడకి జారిపోయాడు. నుదుటి మీద ఇంత బొప్పి కట్టింది. ఆ రోజు కాపడం కోడలి చేతికి కాక అతని నుదుటికి పెట్టాల్సి వచ్చింది.

నాలుగు బొడిపెలు అయిదయ్యాయి. అయిదోది మోచేతికి బెత్తెడు దూరంలో లేచింది.

మడతలమ్మ బీరువా తెరిచి, మిగిలిపోయిన మాత్రల అట్ట తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. గుమ్మం దాటలేదు. "అమ్మాయ్, రోజుకి ఒక్కటి వేసుకుంటే ఏమవుతుంది? పదకొండు రోజులు వేసుకున్నావుగా, ఏమైంది? డాక్టర్లు అన్నీ ఎక్కువే చెప్తారు. ఇంట్లో అన్నం తినలేకపోతున్నాం" అంది.

కోడలు ఆ ఇంట్లోకి వచ్చాక ఒక్కసారైనా ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. "చెయ్యి పోతే పోనీ అత్తయ్యా. బిడ్డకి ఏదైనా అయితే మాత్రం నేను బతకలేను." అంతటితో ఆగలేదు. బుధవారం నర్సమ్మ వచ్చినప్పుడు ఆ అట్ట ఆమె చేతికిచ్చేసి, "ఇంట్లో ఉంచకండి" అంది.

నర్సమ్మ బస్తీ ఆసుపత్రి నుంచి వారానికోసారి వస్తుంది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. మాత్రల సంగతి కూపీ లాగి మడతలమ్మకి తలంటు పోసింది. "ఏమ్మా, ఊరందరి బట్టల మురికీ పిండుతారు, ఇంట్లో పిల్ల చెయ్యి ముట్టుకోలేరా? రేపు బిడ్డ పుడితే ఎత్తుకునేది మీరే కదా. వేరే మందేదీ లేదు, ఉన్నదల్లా ఈ వేడే. అది కూడా సరిగ్గా పెట్టకపోతే ఆరో బొడిపె కీలు మీదే లేస్తుంది. అప్పుడు నన్ను పిలవకండి." సంచిలోంచి నీళ్ళ వేడి చూసే థర్మామీటరు తీసి, దాని మీద ఎర్రరంగుతో ఒక గీత పెట్టింది. "ఇక్కడికి రావాలి, దీన్ని దాటకూడదు. ప్రతిసారీ చూసుకోండి."

మడతలమ్మకి రోషం పొడుచుకొచ్చింది. రోషం ఒక్కటే అసహ్యాన్ని దాటగలదు ఆమెలో. సరే, రేపట్నుంచి నేనే పెడతానంది. థర్మామీటరు మాత్రం అలమారులోకి పోయింది. ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీపెట్టె వేడిని అరచేత్తో చూసిన మనిషికి గాజుగొట్టం పాఠాలు చెప్పాలా? పట్టుకి ఎంత వేడి, నూలుకి ఎంత, ఉన్నికి ఎంత అని ఆ చేతికే తెలుసు. పొయ్యి మీది గిన్నె ఆమె గుడ్డ లేకుండా దించుతుంది, అందులో ఏముందో కూడా పట్టించుకోకుండా.

మొదటిరోజు చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుంది. గుడ్డ జారిపోయింది. విసుక్కుని సంచి తీసి పారేసింది. నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా అనిపించి ఇంకాస్త మరిగించింది. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, పిండి, మూల లోపలికి తోసి, మొహం వీధి వైపు తిప్పుకుని, ఎడమచేత్తో కోడలి మణికట్టు పట్టుకుని కుడిచేత్తో గుడ్డ వేసింది. వేళ్ళకి తడిగా, మెత్తగా, బంకగా ఏదో తగిలింది. ఆమె వెన్నులో జెర్రి పాకినట్టయింది. కిటికీలోంచి కనపడే కరెంటు స్తంభాన్ని తదేకంగా చూస్తూ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంది. అయిపోయాక సబ్బుతో అయిదుసార్లు చేతులు కడుక్కుంది, అయినా రాత్రి అన్నం ముద్ద నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"వేడిగా ఉందా?" అని ఆ రోజు ఒక్కసారి అడిగింది.

"బాగుంది అత్తయ్యా" అంది కోడలు.

రెండోరోజూ స్తంభాన్నే చూసింది. అరగంట స్తంభాన్ని చూడటం కంటే విసుగు పని లోకంలో లేదు. మూడోరోజు నోరు ఊరుకోలేక, బ్యాంకు మేనేజరు జేబులో ప్రతివారం దొరికే సినిమా టికెట్ల సంగతి చెప్పింది. ఎప్పుడూ రెండు టికెట్లే, ఇంట్లో మాత్రం నలుగురు మనుషులు. కోడలు కిసుక్కున నవ్వింది. ఈ పిల్ల నవ్వుతుందని మడతలమ్మకి ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు. నాలుగోరోజు వకీలు గారి పంట్లాం నడుము ఏటేటా ఎంత పెరుగుతోందో చెప్పింది. కోడలు నర్సరీ ముసలాయన సంగతి చెప్పింది, మొక్కలతో రహస్యాలు మాట్లాడి మనుషుల్ని మాత్రం బూతులు తిట్టేవాడట. అరగంట ముప్పావుగంట అయ్యేది. గుడ్డ చల్లారిందో లేదో మార్చేది మడతలమ్మ, ఎంత చురుగ్గా మారిస్తే అంత మంచిదని.

అసహ్యం పోయిందా అంటే ఎక్కడికీ పోలేదు. ఆ చెయ్యి వైపు ఆమె ఒక్కసారి కూడా కన్నెత్తి చూడలేదు. గుడ్డ వెయ్యడం, తియ్యడం, చివర కట్టు చుట్టడం అంతా తడుముడు మీదే జరిగేది. అయిదోరోజు నుంచి వేళ్ళకి కొత్త ఉబ్బులు తగలసాగాయి, మెత్తగా, నీళ్ళు నిండినట్టు. పుండు పెరుగుతోందనుకుంది. "ఛీ, పాడు రోగం, ఎంత వేడి పెట్టినా లొంగదేంటి" అని గొణుక్కుని, నీళ్ళు ఇంకాస్త ఎక్కువ మరిగించింది. కోడలు ఆ రోజు కబుర్లు తక్కువ చెప్పింది. కాలివేళ్ళు ముడుచుకుని కూర్చుంది. వేవిళ్ళేమో అనుకుంది అత్తగారు.

బుధవారం నర్సమ్మ సరిగ్గా కాపడం వేళకే వచ్చింది. బల్ల లాక్కుని కూర్చుని కట్టు విప్పింది. చేతిని కిటికీ వెలుగులోకి తిప్పి, వంగి చూసింది. 

"పెరిగింది కదూ?" అంది మడతలమ్మ, మొహం వీధి వైపే పెట్టుకుని. "చేతికే తెలుస్తోంది. మూడు రోజుల్నుంచీ ఉబ్బుతోంది."

"ఇటు చూడండి."

"నేను చూడలేను నర్సమ్మా, నాకు తిప్పుతుంది."

"చూడండమ్మా" అంది నర్సమ్మ. గొంతు పెంచలేదు.

మడతలమ్మ పళ్ళు బిగించి తలతిప్పింది. వాంతి ఎప్పుడొస్తుందా అన్నట్టు ఒక చెయ్యి నోటి దగ్గర పెట్టుకుంది. ముందు ఆమెకి ఏమీ అర్థం కాలేదు. బొడిపెలు తను అనుకున్నంత లేవు, కింది రెండూ అణిగి ఎండిపోయాయి కూడా. కానీ వాటి చుట్టూ, మణికట్టు దగ్గర్నుంచి ముంజేతి సగందాకా, చర్మం ఎర్రగా ఉడికిపోయి ఉంది. బొబ్బలు లేచి, కొన్ని చితికి, తోలు ఊడి, కింద పచ్చిమాంసం మెరుస్తోంది. ఆ ఎరుపు ఎక్కడ మొదలైందో అక్కడ తిన్నగా గీత గీసినట్టు ఉంది. అవతలి అంచూ తిన్నగానే ఉంది. ఒక మూల మాత్రం లోపలికి తోసినట్టు చిన్న మడత గుర్తు ఉంది.

"పుండు ఎక్కడైనా నలుచదరంగా లేస్తుందా అమ్మా?" అంది నర్సమ్మ.

లేవదు. ఆ నాలుగంచులూ ఎవరివో మడతలమ్మకి ఒకరు చెప్పనక్కర్లేదు. రోజుకి నూరు బట్టల మీద ఆ అంచులు దిద్దే చేతులు తనవే. మూల లోపలికి తోసేది ఊళ్ళో తనొక్కతే.

నర్సమ్మ పక్కనున్న కాపడం నీళ్ళ బేసిన్‌లో వేలు పెట్టి చటుక్కున లాక్కుంది. "దీన్లోనా మీరు చెయ్యి పెట్టేది?"

"గోరువెచ్చగానే ఉంది కదా" అంది మడతలమ్మ. అని, తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. ముప్పై ఏళ్ళ ఇస్త్రీ ఆ చేతిలో వేడి అనేదాన్ని ఏనాడో చంపేసిందని ఆ క్షణం దాకా ఆమెకి తట్టలేదు. పోనీ చేతికి తెలియదు, కళ్ళకి ఏమైంది? ఒక్క పూట తలతిప్పి చూసి ఉంటే తెలిసేది. ఏడు రోజులు, రోజుకి మూడుసార్లు, ఉడుకుతున్న మనిషి చెయ్యి పట్టుకుని కరెంటు స్తంభాన్ని చూస్తూ సినిమా టికెట్ల కబుర్లు చెప్పింది. నర్సమ్మ కోడలి వైపు తిరిగింది.

"నీకు నోరు లేదా తల్లీ? ఇంత కాలుతుంటే చెప్పొద్దూ? ఒట్టి మనిషివి కూడా కాదు. ఈ పచ్చిపుండు చీము పట్టి జ్వరం తగులుకుంటే, కడుపులో బిడ్డ గతేంటి?"

బిడ్డ మాట వినగానే కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా అన్నేసి బొబ్బలకీ తిరగని నీళ్ళు. "ఇంత అవుతుందనుకోలేదు" అంది. అత్తగారి వైపు చూడకుండా, నర్సమ్మతోనే చెప్పింది. "రోజుకి మూడుసార్లు అత్తయ్య నా పక్కన కూర్చుంటున్నారు. చెయ్యి పట్టుకుంటున్నారు. కబుర్లు చెప్తున్నారు. కాలుతోందంటే మానేస్తారేమోనని."

మడతలమ్మకి కడుపులో తిప్పింది. ఎన్నోసార్లు తిప్పిన కడుపే, ఎన్నో వాసనలకి, ఎన్నో మరకలకి. ఈసారి ఎదురుగా అసహ్యించుకోవడానికి ఇంకెవరూ లేరు. పుండు వైపు చూడగలుగుతోంది, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. తన చేతుల వైపే చూడలేకపోతోంది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వీపు వెనక దాచుకుంది.

నర్సమ్మ కాలినచోట కడిగి, మందు గుడ్డ పరిచి, వదులుగా కట్టు కట్టింది. "రెండు వారాలు కాపడం బంద్. ముందు ఈ తోలు మానాలి. ఈలోగా ఆ బూజు ఊరుకుంటుందో, పైకి పాకుతుందో మన చేతుల్లో లేదు. మోచెయ్యి మీద కొత్త బొడిపె కనపడినా, ఒళ్ళు వెచ్చబడినా, ఆ పూటే పెద్దాసుపత్రికి రండి. బుధవారం దాకా ఆగొద్దు." సంచి సర్దుకుంది. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. బేసిన్‌లో నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి. క్షమించమని అడగాలని మడతలమ్మకి ఉంది. జీవితంలో ఎవర్నీ అడగలేదు కాబట్టి ఎలా మొదలుపెడతారో తెలియలేదు. "అమ్మాయ్" అంది. 

"పోనీలెండి అత్తయ్యా, రెండు బొడిపెలు ఎండాయి కదా" అంది కోడలు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో కడుపు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి, అడగొచ్చో లేదో అన్నట్టు, మెల్లిగా అడిగింది. "ఈ రెండు వారాలూ కాపడం ఉండదుగా. మీరు ఇక ఈ గదిలోకి రారా?"